జంట బిళ్ల

బస్సు డిపోలో స్టోరు గది వర్క్‌షాపుకి వెనక, ఎండ సరిగ్గా పడని మూల ఉండేది. ఇనప అరల్లో ఫ్యాన్ బెల్టులు, బ్రేకు లైనింగులు, ఆయిల్ సీళ్లు, హెడ్‌లైటు బల్బులు. గాలి నిండా రబ్బరు వాసన, గ్రీజు వాసన. చిన్న కిటికీకి ఇవతల చేతులు నల్లబడ్డ మెకానిక్కులు, అవతల ఆయన. ఉద్యోగమంతా ఆ కిటికీ అవతలే గడిపాడు కనక తెలిసినవాళ్లందరికీ ఆయన స్టోరాయనే.

ఆయన పనిలో పెద్ద విద్యేమీ లేదు. కొత్త సరుకు వచ్చిన రోజు పాతదాన్ని అర అంచుకి లాగి, కొత్తదాన్ని వెనక పేర్చాలి. ముందొచ్చింది ముందు పోవాలి. రబ్బరు ఊరికే పడున్నా గట్టిపడుతుంది, పగుళ్లిస్తుంది. అడిగినవాడికల్లా కొత్తదే ఇస్తూ పోతే పాతది అర వెనకాల పనికిరాకుండా పోతుంది. ఈ నియమం ఎవరు కనిపెట్టారో గానీ, దానికి ఆయన్ని మించిన నమ్మకస్తుడు దొరికి ఉండడు.

"కొత్త బెల్టు ఇవ్వు గురువా, ఎవరికోసం దాస్తున్నావు?" అని మెకానిక్కులు ఏడిపించేవాళ్లు.

"దాచడమేంట్రా? వరస. ముందు పాతాయన వెళ్తాడు, తరవాతే కొత్తాయన."

"నిన్నెప్పుడు పంపిస్తారో మరి, పాత స్టాకువి!"

"నాకింకా టైముంది. నాకంటే ముందు మీ ఫోర్‌మన్ ఉన్నాడు."

రిటైరైన రోజు మేనేజరు ఆయన క్రమశిక్షణని తెగ పొగిడాడు. క్రమశిక్షణని పొగడటం తేలిక. అదెక్కడ ఆగాలో మాత్రం ఏ వీడ్కోలు సభలోనూ ఎవరూ చెప్పరు. స్టోరాయన డిపో తాళాలు అప్పజెప్పి వచ్చాడు గానీ స్టోరుని ఇంటికి తెచ్చుకున్నాడు. వంటింట్లో డబ్బాలు వరసలోకొచ్చాయి. స్నానాల గదిలో పాత సబ్బు అరిగి కాగితమంత అయితే తప్ప కొత్త సబ్బుకి మోక్షం లేదు.

"ఆ ముక్కతో ఒళ్లు రుద్దుకోవాలంటే ముందు దాన్ని వెతుక్కోవాలి. భూతద్దం ఇప్పిస్తారా?" అనేది ఆయన భార్య.

ఆవిడ్ని వీధిలో పెద్దలూ పిల్లలూ అందరూ పెద్దమ్మ అని పిలిచేవాళ్లు. ఉద్యోగాలకి వెళ్లే తల్లులు పొద్దున్నే పిల్లల్ని ఆవిడ ముందు గదిలో దింపి, సాయంత్రం తీసుకెళ్లేవాళ్లు. గది నిండా చాపలు, బొమ్మలు, చిన్న చిన్న కుర్చీలు, ఎప్పుడూ ఎవరో ఒకరి ఏడుపు. ఆ గోలంతటి మీదా పెద్దమ్మ గొంతు. ఆవిడ మాట్లాడని క్షణం ఉండేది కాదు. పిల్లల్ని బుజ్జగిస్తూనే మొగుణ్ని దెప్పేది. మొగుణ్ని దెప్పుతూనే గుమ్మంలో నిలబడ్డ తల్లికి జ్వరం మందు ఎలా పట్టాలో చెప్పేది. స్టోరాయన వరండాలో పేపరు పట్టుకుని ఆ మాటలన్నీ వింటూ, మధ్యలో ఎక్కడో ఒక చోట ఒక్క జవాబు పారేసేవాడు. ఆ జవాబు దొరికితే ఆవిడకి మరో గంటకి సరిపడా మాటలు దొరికినట్టే. వాళ్ల కాపురం అదీ. అన్యోన్య దాంపత్యం లాంటి మాటలు దానికి అతకవు. ఇద్దరికీ ఒకరితో ఒకరికి పొద్దుపోయేది, అంతే. అంతకన్నా కావలసింది ఏముందో నాకు తెలీదు.

పెద్దమ్మకి బీపీ ఉందని తేలింది. ఆ తరవాత కొలెస్ట్రాల్ కూడా ఉందన్నారు. పొద్దున ఏదో ఒకటి తిన్నాక రెండు బిళ్లలు వేసుకోవాలి. బిళ్లలు అట్టల్లోంచి తీసి అరచేతిలో పెట్టి ఇవ్వడం స్టోరాయన పని. బీపీ బిళ్ల విషయంలో ఆవిడకి పేచీ లేదు. తల దిమ్ముగా ఉన్నప్పుడల్లా ఆ జబ్బు ఉన్నట్టు తనకే తెలిసేది. కొలెస్ట్రాల్ మాత్రం ఆవిడకి ఎప్పుడూ కనపడలేదు, వినపడలేదు.

"ఇది కాగితం మీద ఉన్న జబ్బు. కాగితానికే వెయ్యండి ఈ బిళ్ల" అని రెండోదాన్ని పక్కకి నెట్టేసేది.

"డాక్టరమ్మ తిడుతుంది."

"ఆవిడ తిట్లు నేను తింటాను. అవి ఈ బిళ్ల కన్నా నయం."

నెట్టేసిన బిళ్లని స్టోరాయన పారేసేవాడు కాదు. చిన్న సీసాలో వేసి అరలో పెట్టేవాడు. స్టోరులో వాడకుండా తిరిగొచ్చిన సరుకుని అలాగే చేస్తారు. అది మళ్లీ అరలోకే వెళ్తుంది. అలా బీపీ అట్టలు నెలనెలా ఖాళీ అయ్యేవి, కొలెస్ట్రాల్ బిళ్లలు పోగుపడేవి.

రక్తపరీక్షలో కొలెస్ట్రాల్ దిగలేదు. డాక్టరమ్మ చిన్నావిడే గానీ గట్టిది. పెద్దమ్మ మొహం చూసి సంగతి కనిపెట్టేసింది.

"రెండు మందులూ కలిపిన బిళ్ల ఉంది. రోజుకి ఒక్కటే. ఇక మీరు ఒకటి మింగి ఒకటి మిగల్చడానికి వీల్లేదు" అంది.

"అయితే జంట బిళ్లన్నమాట. మొగుడూ పెళ్లాల్లాగా విడదీయలేం" అంది పెద్దమ్మ.

"అంతే అనుకోండి. బీపీ కంట్రోల్లోనే ఉంది. దాన్ని అలా ఉండనివ్వాలి."

మందుల షాపులో కౌంటరు మీద కొత్త డబ్బా పెడుతూ షాపతను ఒక మాట చెప్పాడు. "పాతవి ఇంట్లో ఉంటే దీంతో కలిపి వెయ్యకండి సార్. మందు రెట్టింపైపోతుంది."

ఆ మాటలో ఏ తప్పూ లేదు. నూటికి తొంభై మంది దానికి పాతవి మానేసి కొత్తది మొదలుపెట్టాలనే అర్థం చెప్పుకుంటారు. స్టోరాయన కూడా శ్రద్ధగా విన్నాడు. కలపకూడదు, సరే. ఇంట్లో పాత సరుకుంది. పాతది ఉండగా కొత్తది తెరవడమనే పని ఆయన జన్మలో చెయ్యలేదు. కాబట్టి పాతది పూర్తిగా అయ్యాకే కొత్తది. ఇంటికొచ్చి డబ్బాని అరలో వెనక్కి పెట్టి, పాత వాటిని ముందుకి లాక్కున్నాడు.

బీపీ బిళ్లలు కొద్దిగానే ఉన్నాయి, అయిపోయాయి. కొలెస్ట్రాల్ బిళ్లలు సీసాలో ఇంకా ఉన్నాయి. అక్కడ ఆయన కాసేపు ఆలోచించాడనే చెప్పాలి. కొత్తది తెరిస్తే అందులోనూ కొలెస్ట్రాల్ మందుంది, సీసాలో ఉన్నదంతా పారేయాలి. బీపీ చూస్తే కంట్రోల్లోనే ఉందని డాక్టరమ్మే చెప్పింది. ఆ కంట్రోలు ఆ బిళ్ల వల్లే ఉందన్న సంగతి ఆయనకి తట్టలేదు. సీసా ఖాళీ అయ్యేదాకా ఆగితే ఏమవుతుందిలే అనుకున్నాడు.

మర్నాడు పొద్దున పెద్దమ్మ చేతిలో ఒకే ఒక్క బిళ్ల పెట్టాడు.

"ఓహో, వచ్చేసిందా మన జంట బిళ్ల? రెండు రంగుల్లో ఉంటుందనుకున్నాను, ఇదీ తెల్లగానే ఏడ్చింది!" అని ఆవిడ గుటుక్కున మింగేసింది.

స్టోరాయన సీసాకి మూత బిగించాడు. అది పాత కొలెస్ట్రాల్ బిళ్లేనని చెబితే ఆవిడ దాన్ని మళ్లీ పక్కకి నెడుతుంది, సీసా ఎప్పటికీ ఖాళీ అవ్వదు. పైగా మొదటిసారి ఆ మందు సణుగుడు లేకుండా ఆవిడ కడుపులోకి పోతోంది. చెప్పకపోతే అందరికీ లాభమే అనిపించింది. ఆయన జరిపిన మోసం, దాన్ని మోసం అనాలనుకుంటే, ఆ ఒక్కటే.

కొన్ని వారాలు గడిచాయి. ఒక పొద్దున పెద్దమ్మ ఓ పాపకి చెంచాతో తినిపిస్తోంది. చెంచా పాప నోటి దగ్గర ఆగిపోయింది, తరవాత కిందకి జారింది. ఇదేదో కొత్త ఆటనుకుని పాప కిలకిలా నవ్వింది. పెద్దమ్మ చెంచా తియ్యబోయింది. కుడిచెయ్యి లేవలేదు. వరండాలో ఉన్న స్టోరాయనకి వినపడింది ఆవిడ అరుపు కాదు, ఆవిడ మాట ఆగిపోవడం. పేపరు వదిలేసి లోపలికి పరిగెత్తేసరికి ఆవిడ నోరు ఒక పక్కకి లాగేసి ఉంది. కళ్లు మాత్రం ఎప్పటిలాగే ఆయన్ని ఏదో అంటున్నాయి.

ఆసుపత్రిలో ప్రాణభయం తప్పాక, ఆవిడ వాడే మందులన్నీ తెమ్మంది డాక్టరమ్మ. స్టోరాయన సంచి తెచ్చి, అలవాటు ప్రకారం బల్ల మీద వరసగా పేర్చాడు. ఖాళీ బీపీ అట్టలు, అడుగున నాలుగు బిళ్లలు మిగిలిన సీసా, అన్నిటికన్నా వెనక కొత్త డబ్బా. పక్కనే కూతురు నిలబడి ఉంది. కొరియర్ ఆఫీసు డ్యూటీలోంచి నేరుగా వచ్చింది, మెడలో గుర్తింపు కార్డు ఇంకా వేలాడుతోంది.

"ఈ డబ్బా మూత కూడా తియ్యలేదే?" అంది డాక్టరమ్మ.

ఆయన వివరించాడు. కాస్త గర్వంగానే వివరించాడు. ఏ బిళ్లా వృథా పోలేదని, కలిపి వెయ్యొద్దన్నందుకు ఒక్క రోజు కూడా కలపలేదని చెప్పాడు. చెబుతూ చెబుతూ డాక్టరమ్మ మొహం చూశాడు. గొంతు మెల్లగా తగ్గిపోయింది.

"అంటే పెద్దమ్మకి ఇన్ని వారాలుగా బీపీ మందే లేదు."

"దానివల్లేనామ్మా?"

"దానివల్లే అని ఎవరూ తేల్చి చెప్పలేరు. వయసుంది, రక్తనాళాలు ఎన్నాళ్ల నుంచో పాడవుతూ వచ్చాయి. కానీ బీపీ మందు అలా ఆగిపోతే ఇలాంటిదానికి మనమే దారిచ్చినట్టు."

ఆ ముందు చెప్పిన మాటలేవీ స్టోరాయన చెవిలో నిలవలేదు. 'కానీ' తరవాతదే నిలిచింది.

బయట వరండాలో కూతురు గోడ వైపు తిరిగి నిలబడింది. "నాన్నా, అమ్మని బస్సనుకున్నావా?"

"బస్సయితే బ్రేకు లైనింగు లేకుండా గేటు దాటనిచ్చేవాణ్నా?" అన్నాడాయన.

కూతురు ఇటు తిరిగి, ఆయన చేతిలోని మందుల సంచి అందుకుంది.

పెద్దమ్మ ఇంటికొచ్చింది. మాట ముద్దగా వచ్చేది, అయినా వచ్చేది. కుడిచెయ్యి ఒళ్లో పడుండేది. పిల్లల తల్లులు ఒక్కొక్కరే వచ్చి, పరామర్శించి, బొమ్మలూ పక్కబట్టలూ సర్దుకుని వెళ్లిపోయారు. వాళ్ల తప్పేం లేదు, పిల్లల్ని ఎవరో ఒకరు చూసుకోవాలి కదా. ముందు గదిలో చిన్న కుర్చీలు ఖాళీగా మిగిలాయి.

మొదటిరోజు పొద్దున స్టోరాయన కొత్త డబ్బా విప్పి బిళ్ల ఇవ్వబోతే ఆవిడ ఎడమచేత్తో నెట్టేసింది.

"ఆ డబ్బా చూపించండి. ఇది జంట బిళ్లేగా? మొదలెట్టిన నెల తిరక్కుండానే పడ్డాను. మళ్లీ మింగమంటారా? నన్ను పూర్తిగా సాగనంపాలనుందా?"

డబ్బా సంగతి మొగుడే చెప్పుకోవాలని వదిలేసి, మందు మంచిదేనని డాక్టరమ్మ చెప్పి చూసింది. పోనీ రెండు మందులూ విడివిడిగా రాసిస్తానంది. "అదే మందు, వేరే డబ్బా. నాకు మూతి వంకరపోయింది గానీ బుర్ర కాదమ్మా" అంది పెద్దమ్మ. విటమిన్ అని చెప్పి ఇస్తే అట్ట అడిగింది. నీళ్లలో నూరి ఇస్తే ఒక గుక్క తాగి గ్లాసు కింద పెట్టేసింది. చేతికి పట్టీ చుట్టి బీపీ చూసే మిషను రోజురోజుకీ భయం పుట్టించే అంకెలు చూపించేది. పక్షవాతం ఇంకోసారి వస్తే మనిషి దక్కదని డాక్టరమ్మ కూతురికి విడిగా చెప్పింది.

"నాన్నా, ఆ బిళ్ల తను అసలు వేసుకోనే లేదని తెలిస్తే అమ్మ వేసుకుంటుంది. చెప్పు" అంది కూతురు.

"నువ్వు చెప్పవే."

"నేను చెబితే నీ మీద చాడీ చెప్పినట్టుంటుంది. నాలుగు రోజులు చూస్తాను, నువ్వు చెప్పకపోతే మాత్రం నేనే చెప్పేస్తాను."

"చెబుతాలే. నేనే చెబుతాను."

పొద్దున చెబుదామనుకునేవాడు. పొద్దున ఆవిడ కాస్త తేలిగ్గా ఉన్నట్టు కనిపించేది, పాడుచెయ్యడమెందుకని ఆగేవాడు. మధ్యాహ్నం ఆవిడ నీరసంగా ఉండేది, ఇప్పుడెందుకని ఆగేవాడు. నిజం చెప్పడానికి సమయం సందర్భం చూసుకునేవాళ్లకి అవి ఎప్పుడూ దొరకవు. మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, ఆవిడ జాకెట్టు హుక్కు ఊడితే కుట్టేవాడు, జుట్టు దువ్వేవాడు. ఆవిడ మాత్రం వచ్చిన ప్రతివాళ్లకీ తన కథ చెప్పేది. ముద్దమాటలతో ఆగి ఆగి చెప్పినా రక్తి కట్టేలాగే చెప్పేది. ఆ కథలో దొంగ ఆ బిళ్లే. అలా చెబుతున్నప్పుడల్లా స్టోరాయన ఏదో పనున్నట్టు వంటింట్లోకి వెళ్లిపోయేవాడు.

కూతురిచ్చిన గడువు రోజు మధ్యాహ్నం ఎదురింటి టైలరమ్మ వచ్చింది. పెద్దమ్మ ఈడుదే. మెడలో కొలత టేపు, చీర కొంగుకి దారం పోగులు. పొద్దస్తమానం మిషను తొక్కి కాళ్లు వాచి ఉన్నాయి.

"నీకు పుణ్యముంటుంది పెద్దమ్మా, ముందే చెప్పావు. నాకూ ఆ జంట బిళ్లే రాశారు, ఏడాది నుంచీ వేసుకుంటున్నా. నువ్వు చెప్పాక మానేశాను."

"మంచి పని చేశావు" అంది పెద్దమ్మ.

"కాస్త తల తిరుగుతోంది గానీ, అదే సర్దుకుంటుందిలే."

స్టోరాయన ఆ సమయంలో కిటికీ తెర సర్దుతున్నాడు. తెర చేతిలో పట్టుకునే, పెద్దమ్మ వైపు చూడకుండా, టైలరమ్మతో అన్నాడు. "మానకమ్మా. ఇవాళే వేసుకో."

"అదేంటి అన్నయ్యా? పెద్దమ్మకి జరిగింది చూశాక కూడానా?"

"ఆవిడ ఆ బిళ్ల వేసుకోలేదు. ఒక్కటి కూడా వేసుకోలేదు."

"ఏంటి వాగుతున్నారు?" అంది మంచం మీంచి పెద్దమ్మ. "రోజూ మీరేగా ఇచ్చింది?"

"నేనిచ్చింది అది కాదు. పాత కొలెస్ట్రాల్ బిళ్ల. నువ్వు వద్దని నెట్టేసినవి. బీపీవి అయిపోయాయి. సీసా ఖాళీ అయ్యాక కొత్తది తెరుద్దామనుకున్నాను. ఇన్నాళ్లూ నీకు బీపీ మందు లేదు."

టైలరమ్మ ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. మిషను మీద గుడ్డ వదిలేసి వచ్చానని ఏదో గొణిగి లేచింది. గుమ్మం దగ్గర ఆగి, "అయితే వేసుకోమంటావా అన్నయ్యా?" అని అడిగింది. ఆయన తలూపాడు. వెళ్లిపోయింది.

ఆ సీసా నిండటానికి కారణం నువ్వే కదా అని ఆయన అనొచ్చు. అందులో నిజం కూడా ఉంది. ఆయన అనలేదు. దాన్ని గొప్ప మనసుకి లెక్కెయ్యనక్కర్లేదు, ఆ ఆలోచనే వచ్చి ఉండదు. వాడకుండా తిరిగొచ్చిన సరుక్కి స్టోరువాడిదే పూచీ అని నమ్మిన మనిషి ఆయన.

"తెల్లగానే ఏడ్చిందన్నాను" అంది పెద్దమ్మ చివరికి. "అప్పుడు కూడా చెప్పలేదు మీరు."

"చెబితే నువ్వు వేసుకోవని."

ఆవిడ మూతి ఒక పక్కకి కదిలింది. నవ్వో ఏడుపో ఆ నోటి మీద ఇప్పుడు తేడా తెలియదు.

"అయితే బిళ్ల తప్పేం లేదు" అంది. "ఇవ్వండి."

ఆయన బిళ్లా నీళ్లూ ఇచ్చాడు. ఆవిడ ఎడమచేత్తో తీసుకుని మింగి, గ్లాసు ఆయనకిచ్చేసి, గోడ వైపు తిరిగి పడుకుంది.

ఆ రోజు నుంచి ఒక్క పూట కూడా తప్పకుండా వేసుకుంది. అంకెలు దిగొచ్చాయి. కొన్ని నెలలకి కర్ర పట్టుకుని ముందు గదిదాకా నడిచింది. మాట దాదాపు ముందులాగే అయింది. ఒకరిద్దరు తల్లులు మళ్లీ పిల్లల్ని దింపడం మొదలుపెట్టారు. డాక్టరమ్మ సంతోషించింది, కూతురు ఊపిరి పీల్చుకుంది. చూసినవాళ్లంతా పెద్దమ్మ గండం గట్టెక్కింది అన్నారు.

స్టోరాయనకి ఒక్కడికే తెలిసింది పోయిందేమిటో. పిల్లల్ని ఆవిడ ముందులాగే గదమాయించేది, తల్లులకి ముందులాగే సలహాలిచ్చేది. ఆయన్ని మాత్రం ఏమీ అనడం లేదు. "కాస్త ఆ తలుపు వేస్తారా", "నీళ్లు ఇస్తారా", "శ్రమ అనుకోకపోతే ఆ దుప్పటి" అనేది. కోపముంటే తిట్టేది. ఆవిడకి కోపం లేదు, కనీసం ఉన్నట్టు ఎవరికీ కనపడలేదు. కొత్తగా అద్దెకి దిగిన ఇంటివాళ్లతో ఎంత మర్యాదగా మాట్లాడతామో, ఆయనతో అంత మర్యాదగా మాట్లాడేది. ఆయన వరండాలో పేపరు పట్టుకుని మధ్యమధ్యలో ఆగి వినేవాడు. తనకి సంబంధించిన మాట ఒక్కటీ వచ్చేది కాదు.

ఒకసారి వానలో తడిసి వచ్చి, బురద కాళ్లతో కావాలనే ముందు గదంతా అడ్డంగా నడిచాడు. పిల్లలు పడుకునే చాప అంచు కూడా తొక్కాడు. తొక్కి, ఆవిడ ఎదురుగా నిలబడ్డాడు. ఒక్క తిట్టు కోసం నిలబడ్డాడు.

ఆవిడ ఆ అడుగుల వైపు చూసింది. తరవాత ఆయన వైపు చూసింది.

"ఫర్వాలేదు, తుడుస్తాలెండి" అని, కర్ర గోడకి ఆనించి, బాగున్న చేత్తో గుడ్డ అందుకుని మెల్లగా నేల మీదకి వంగింది. ఆ గుడ్డ ఆవిడ చేతిలోంచి తీసుకోవాలని ఆయన చెయ్యి చాచాడు. కానీ పట్టుకునే ధైర్యం చాలలేదు.